పాత వంటగదిలో కడప బండలు ఉంచాలా, తీసేయాలా?

15, 20 ఏళ్ళ కిందట కట్టిన మన ఇళ్ళలో వంటగది దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. గోడ వెంట నల్ల గ్రానైట్ గట్టు, దాని కింద నిలువుగా నిలిపిన కడప బండలు, మధ్యలో అడ్డంగా ఒక అర, సింక్ కింద ఖాళీ, పైన అటక. కొందరు ఆ అరలకు తెర కట్టుకున్నారు, కొందరు అల్యూమినియం తలుపులు పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆ గదిని బాగు చేయించాలనుకుంటే నాలుగు దారులున్నాయి. ఉన్న రాళ్ళను అలాగే ఉంచి వాటికి తలుపులు, సొరుగులు అమర్చుకోవచ్చు. రాళ్ళు తీసేసి వడ్రంగి చేత ఇంట్లోనే ప్లైవుడ్ పని చేయించుకోవచ్చు. ఫ్యాక్టరీలో తయారైన మాడ్యులర్ కిచెన్ తెప్పించుకోవచ్చు. లేదా చెక్క జోలికే పోకుండా స్టీలు, డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) లాంటివి పెట్టించుకోవచ్చు.

షోరూముకు వెళితే మూడో దారి ఒక్కటే ఉన్నట్టు మాట్లాడతారు. తెలిసిన వడ్రంగిని అడిగితే రెండోదే మేలంటాడు. మొదటి దారి గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, ఎందుకంటే అందులో అమ్మేందుకు పెద్దగా ఏమీ ఉండదు. రాళ్ళు బాగున్న ఇంట్లో ముందు ఆలోచించాల్సింది ఆ మొదటి దారినే అని నా గట్టి అభిప్రాయం. అయితే అది అందరికీ సరిపడదు. ఎవరికి సరిపడదో కూడా చెబుతాను.

## రంగు చూసే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: గట్టు బరువును ఏది మోస్తోంది? 18 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకు సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. పది అడుగుల పొడవు, రెండడుగుల లోతు గట్టు అంటే ఉత్త రాయే 90 కిలోలు. దాని మీద పొయ్యి, గ్రైండరు, నీళ్ళ బిందెలు, పండగ పూట పెద్ద గిన్నెలు. పాత పద్ధతిలో ఈ బరువంతా కడప బండల మీదుగా నేలకు దిగుతుంది. మాడ్యులర్ పద్ధతిలో చాలాచోట్ల ఆ బరువును చెక్క పెట్టెలే మోస్తాయి. పెట్టె మంచిదైతే ఇబ్బంది లేదు. కాని ఏడెనిమిదేళ్ళకు సింక్ కింద పెట్టె తడిసి ఉబ్బిందనుకోండి, దాన్ని మార్చాలంటే పైన గ్రానైట్ ఎత్తాలి, కుళాయి, సింక్ విప్పాలి, గోడ పలకలు (టైల్స్) చెదురుతాయి. బండలు మోస్తున్న గట్టు కింద చెక్క చెడితే ఆ చెక్కను మాత్రం మారిస్తే చాలు. ఈ ఒక్క తేడా మీదే మిగతా లెక్కలన్నీ ఆధారపడి ఉన్నాయి.

తర్వాత నీళ్ళు. మన వంటగదిలో నీటి వాడకం ఎక్కువ. గిన్నెలు అక్కడే తోముతాం, కూరలు కడుగుతాం, బియ్యం కడుగుతాం, నేలను తడిగుడ్డతో తుడుస్తాం, కొన్ని ఇళ్ళలో నీళ్ళు పోసి కడుగుతాం. చెక్క పలక ముఖం మీద పడ్డ నీటితో పెద్ద ప్రమాదం లేదు, మైకా ఆపుతుంది. నీరు లోపలికి వెళ్ళేది కోసిన అంచుల నుంచి, మర (స్క్రూ) బిగించిన కన్నాల నుంచి, గొట్టం కోసం చేసిన రంధ్రం నుంచి. అందువల్ల పలక పేరు ఎంత ముఖ్యమో, అంచు ఎలా మూశారన్నది అంతే ముఖ్యం.

చెదల సంగతి ఇంటిని బట్టి ఉంటుంది. కింది అంతస్తు, సొంత స్థలంలో కట్టిన ఇల్లు, పక్కన చెట్లు, ఇంతకుముందు గుమ్మాలకు చెద పట్టిన చరిత్ర ఉంటే దీనికి పెద్ద పీట వేయాలి. ఏడో అంతస్తులో ఉన్నవారికి ఇది రెండో వరస సమస్య.

ఇక గట్టు ఎత్తు. పాత గట్లు చాలావరకు 30 నుంచి 32 అంగుళాలు ఉంటాయి. వంట చేసేవారు నిలబడి మోచేయి మడిచినప్పుడు, ఆ మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కింద గట్టు ఉంటే నడుము వంచనక్కర్లేదు. రోజూ వంట చేసేవారి కొలతే తీసుకోవాలి, ఇంటి యజమానిది కాదు. పొయ్యి గట్టు మీద పెట్టేదైతే మంట మరికొన్ని అంగుళాలు పైకి వెళుతుంది, గట్టులోకి దింపే హాబ్ అయితే దాదాపు గట్టుతో సమంగా ఉంటుంది. గట్టు మరీ తక్కువై నడుము నొప్పి పెడుతుంటే, బండలు ఎంత గట్టివైనా తీసేయడానికి అదొక్కటే చాలిన కారణం.

చివరిగా మీ సామాను. 25 కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, ఇడ్లీ పాత్ర, పెద్ద కుక్కరు, ఏడాదికి నాలుగుసార్లు దిగే పెద్ద గుండిగలు. కేటలాగులోని సన్నని సొరుగుల్లో ఇవేవీ పట్టవు. డిజైను గీయించే ముందు ఇంట్లో ఉన్న అన్నిటికన్నా ఎత్తయిన పాత్రను, అన్నిటికన్నా వెడల్పయిన పాత్రను కొలిచి కాగితం మీద రాసుకోండి. గీసేవారి చేతికి ముందు ఆ కాగితమే ఇవ్వాలి.

## మొదటి దారి: బండలు ఉంచి, తలుపులు పెట్టడం

బండలు పగలకుండా, గట్టు ఊగకుండా, ఎత్తు మీకు సరిపోతూ ఉంటే ఇది చవకైన పని, గట్టి పని కూడా. పగలగొట్టేది ఉండదు కాబట్టి దుమ్ము తక్కువ, వంటగది మూతపడే రోజులు తక్కువ. రాయికి చెద పట్టదు, నీటికి ఉబ్బదు.

చిక్కంతా అమరికలో ఉంది. తలుపు హింజును నేరుగా రాయికి బిగించలేరు. ముందు ఒక చట్రం చేసి, దాన్ని రాయికి గోడ ప్లగ్గులతో పట్టించి, దానికి తలుపు వేయాలి. ఆ చట్రం తీసుకునే చోటు, రాయి మందం కలిపి రెండు బండల మధ్య ఉన్న ప్రతి గదిలోనూ రెండు మూడు అంగుళాల వెడల్పు పోతుంది. పైగా పాత బండలు చాలాసార్లు సరిగ్గా నిలువుగా ఉండవు, పైన 24 అంగుళాలుంటే కింద 23 ఉంటుంది. దుకాణంలో దొరికే రెడీమేడ్ స్టీలు బుట్టలు నిర్ణీత కొలతల్లోనే వస్తాయి గనుక అవి పట్టకపోవచ్చు. కాబట్టి ప్రతి గదికీ పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలత తీసుకుని, వాటిలో తక్కువదానికి సరిపడే బుట్టను ఎంచుకోవాలి.

మధ్యలో అడ్డంగా ఉన్న రాతి అరను తీసేస్తే లోతైన సొరుగులు పెట్టుకోవచ్చు. నిలువు బండను మాత్రం ముట్టుకోవద్దు. గది వెడల్పు పెరుగుతుందని మధ్య బండను తీయించి, తర్వాత పొయ్యి పక్కన గ్రానైట్ చీలిక తెచ్చుకున్న ఇళ్ళున్నాయి. ఒక నిలువు బండ తీయక తప్పదంటే, ముందు దాని చోట ఇనుప చట్రమో ఇటుక కట్టో నిలిపి, తర్వాతే తీయాలి.

ఈ దారిలో కుదరని పని ఇంకొకటి ఉంది. సింక్ చోటు మార్చాలన్నా, రెండు గిన్నెల సింక్ పెట్టాలన్నా, డిష్‌వాషర్‌కు చోటు చేయాలన్నా గట్టు కోయాల్సిందే. మామూలు డిష్‌వాషర్‌కు 60 సెంటీమీటర్ల వెడల్పు కావాలి, పాత గదుల్లో అది అరుదుగా దొరుకుతుంది.

## రెండో దారి: ఇంట్లోనే వడ్రంగి పని

వడ్రంగి చేతిలో ఉన్న గొప్ప బలం వంకర గోడకు తగ్గట్టు కోయగలగడం. స్తంభం పొడుచుకొచ్చిన మూల, కిటికీ కింద వాలు, అటక దగ్గర తేడా, ఇవన్నీ ఆయన అక్కడికక్కడే సర్దుతాడు. పలక ఏదో మీరే కొంటారు కాబట్టి లోపల ఏముందో మీకు తెలుస్తుంది. పదేళ్ళ తర్వాత తలుపు వేలాడితే ఫోను చేసి పిలిపించుకోవచ్చు.

దీనికి ధర వేరే రూపంలో చెల్లిస్తారు. ఇంట్లో వారాల తరబడి రంపపు పొట్టు, జిగురు వాసన. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు ఉంటే ఇది చిన్న విషయం కాదు. రెండోది అంచులు. ఫ్యాక్టరీలో యంత్రం వేడి జిగురుతో అంచు పట్టీని నొక్కి అతికిస్తుంది. ఇంట్లో చేత్తో అతికించిన పట్టీ అంత పట్టు ఇవ్వదు, తడి తగిలే చోట ముందు ఊడేది అదే. పని బాగుండటం పూర్తిగా ఆ మనిషి మీద ఆధారపడి ఉంటుంది. ఆయన చేసిన వంటగదుల్లో కనీసం ఐదేళ్ళ పాతది ఒకటి స్వయంగా వెళ్ళి, సింక్ కింది తలుపు తెరిచి చూడండి. కొత్తగా చేసినవి చూపిస్తే ఏమీ తెలియదు.

కొందరు ఇప్పుడు మధ్యేమార్గం పడుతున్నారు. పలకలను కొలతల ప్రకారం యంత్రం మీద కోయించి, అక్కడే అంచు పట్టీలు వేయించి, ఇంటికి తెచ్చి వడ్రంగి చేత బిగిస్తారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఇలా కోసిచ్చే చోట్లు దొరుకుతాయి. దుమ్ము సమస్య, అంచు సమస్య రెండూ తీరతాయి. వడ్రంగిని ఎంచుకునేవారికి నేను చెప్పేది ఇదే పద్ధతి.

## మూడో దారి: మాడ్యులర్

కొలతలు తీసుకున్నాక నెల, నెలన్నరలో పెట్టెలు తయారై వస్తాయి, ఇంట్లో బిగింపు రెండు మూడు రోజుల పని. సొరుగులు మెత్తగా మూసుకుంటాయి, వంగి అర లోపలికి తల దూర్చి వెతుక్కునే పని ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇది అలంకారం కాదు, అవసరం. సొరుగును బయటికి లాగితే వెనకున్న డబ్బా కూడా చేతికి అందుతుంది.

అయితే రెండు మూడు రోజుల పని అనే మాట బిగింపుకే వర్తిస్తుంది. పాత ఇంట్లో దానికి ముందు బండలు పగలగొట్టడం, గొట్టాలు, తీగలు మార్చడం, గోడ పలకలు, గ్రానైట్ ఉంటాయి. వాటిని చాలా కంపెనీలు తమ అంచనాలో కలపవు. తాపీమేస్త్రీని, ప్లంబరును, ఎలక్ట్రీషియనును మీరే చూసుకోవాలి. ఈ ఖర్చు కలపకుండా మాడ్యులర్ ధరను వడ్రంగి ధరతో పోల్చడం సరికాదు. ఆఖరి కొలతలు గోడ పలకలు అతికించాకే తీయించాలి, ఎందుకంటే పలక, దాని కింది సిమెంటు కలిసి గోడను అంగుళం దాకా ముందుకు తెస్తాయి.

చిన్న చిన్న విషయాల్లోనే మాడ్యులర్ మంచిదీ చెడ్డదీ తెలుస్తుంది. పెట్టె నేల మీద నేరుగా కూర్చుందా, నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ళ మీద నిలిచిందా? కాళ్ళు ఉండి తీరాలి. ముందుండే పట్టీ చేత్తో లాగితే ఊడి రావాలి, అప్పుడే కింద ఊడవగలరు, బొద్దింకల మందు పెట్టగలరు. వెనక పలక ఏమిటి? ముందు తలుపులకు మంచి పలక వేసి వెనక సన్నని ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కిన పలక) కొట్టేవారున్నారు, గోడ చెమ్మ ముందు తగిలేది ఆ వెనక పలకకే. హింజులు, సొరుగు పట్టాలు ఏ కంపెనీవి? హెటిక్, హాఫెలే, బ్లమ్, ఎబ్కో లాంటి పేర్లు చెబుతారు. పేరుతో పాటు ఏ మోడలో, ఎన్ని కిలోల బరువు మోస్తుందో అంచనా కాగితంలో రాయించుకోండి. ఒకే కంపెనీలో పట్టాల ధర ఎన్నో రెట్లు తేడా ఉంటుంది.

## నాలుగో దారి: స్టీలు, డబ్ల్యూపీసీ

స్టీలు వంటగదికి నీరు, చెద రెండూ అడ్డు కావు. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, తుప్పును తట్టుకునేది అందుకే. 202 రకం చవక, చూపుకు అదే మెరుపు, కాని నికెల్ తక్కువ కాబట్టి సముద్రపు గాలికీ ఉప్పదనానికీ త్వరగా మచ్చలు తేలుతుంది. అందుకే బిల్లు మీద 304 అని రాయించుకోకుండా స్టీలు కొనవద్దు. ధర అన్నిటికన్నా ఎక్కువ. గిన్నెలు తగిలితే చప్పుడు, గీతలు. మార్పులు చేయడం ఇంటి వడ్రంగి వల్ల కాదు.

డబ్ల్యూపీసీ, పీవీసీ పలకలు నీటికి ఉబ్బవు, చెద పట్టదు. అందుకని వంటగదంతా వాటితోనే చేయించుకోమంటారు. నేను అంత దూరం వెళ్ళను. పొడవైన అరగా పెట్టి బరువు వేస్తే మధ్యలో కుంగుతాయి, మరకు ప్లైవుడ్ ఇచ్చినంత పట్టు ఇవ్వవు, పొయ్యి పక్కన వేడికి మెత్తబడతాయి. బియ్యం డబ్బా పెట్టే అరకు ఇవి పనికిరావు. సింక్ కింద మాత్రం వీటికి మించినది లేదు.

## నాలుగింటినీ పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | బండలు ఉంచి తలుపులు | ఇంట్లో వడ్రంగి | మాడ్యులర్ | స్టీలు |
|---|---|---|---|---|
| గట్టు బరువు మోసేది | రాయి | ప్లైవుడ్ | ఎక్కువగా చెక్క పెట్టె | స్టీలు చట్రం |
| నీటిని తట్టుకోవడం | చాలా మంచిది | పలక, అంచును బట్టి | పలకను బట్టి, అంచులు మెరుగు | చాలా మంచిది |
| చెద భయం | చట్రం, తలుపులకే | ఉంది | ఉంది | లేదు |
| సొరుగుల సౌకర్యం | పరిమితం | బాగుంటుంది | అన్నిటికన్నా మేలు | బాగుంటుంది |
| గట్టు ఎత్తు, సింక్ మార్పు | కుదరదు | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది |
| ఇంట్లో దుమ్ము | తక్కువ | చాలా ఎక్కువ | పగలగొట్టేటప్పుడే | పగలగొట్టేటప్పుడే |
| మరమ్మతు | తేలిక | తేలిక | కంపెనీ మీద ఆధారం | కష్టం |
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ | చాలా ఎక్కువ |

## ఏ పలక ఎక్కడ

అంచనా కాగితం మీద కనిపించే పొడి అక్షరాలు చాలామందిని తికమక పెడతాయి. చవక నుంచి ఖరీదు వైపు వెళితే స్థూలంగా వరస ఇది: పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్, బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్, బీడబ్ల్యూపీ ప్లైవుడ్.

పార్టికల్ బోర్డు రంపపు పొట్టును జిగురుతో నొక్కినది. ఒక్కసారి నీరు తాగితే ఉబ్బుతుంది, మళ్ళీ సర్దుకోదు. మన వంటగది కింది భాగంలో దానికి చోటు లేదు. ఎండీఎఫ్ కూడా అంతే. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ ఎండీఎఫ్ కన్నా చిక్కగా నొక్కిన పలక, తేమకు బాగా ఓర్చుకుంటుంది, ముఖం నునుపుగా ఉంటుంది కాబట్టి అక్రిలిక్ పూత, పీయూ (పాలియురేథేన్) రంగు చక్కగా కూర్చుంటాయి. తేమకు ఓర్చుకోవడం వేరు, నిలిచిన నీటిలో నానడం వేరు. పై అరలకు, తలుపులకు అది మంచి ఎంపిక.

ప్లైవుడ్‌లో ఐఎస్ 303 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ముద్ర ఉన్న బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని ఓర్చుకునేది), ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటికి చెడనిది) అని రెండు మాటలు వింటారు. రెండోది పడవలు, ఓడల పనికి తగినదిగా నిర్దేశించిన రకం. దాని జిగురు పట్టును 72 గంటలు నీళ్ళలో మరిగించి పరీక్షిస్తారు. కింది పెట్టెలకు ఇది వాడటమే నా సలహా. దుకాణాల్లో ‘మెరైన్’, ‘710 గ్రేడ్’ అని ముద్ర వేసిన పలకలన్నీ అవి కావు. ఐఎస్‌ఐ గుర్తుతో పాటు లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, చెల్లుతోందో లేదో తెలుస్తుంది. పలకలు ఇంటికి దిగిన రోజే, మైకా అతికించకముందే చూడాలి. తర్వాత ఆ ముద్ర కనిపించదు.

వంటగదంతా ఒకే పలకతో చేయించాలన్న పట్టుదల అనవసరం. సింక్ కింద డబ్ల్యూపీసీ, మిగతా కింది పెట్టెలకు బీడబ్ల్యూపీ, గోడ మీది అరలకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ లేదా బీడబ్ల్యూఆర్, అటక తలుపులకు తేలికైనది ఏదైనా. తలుపుల రంగు ఒకటే అయినప్పుడు ఈ తేడా బయటికి కనబడదు, ఖర్చు మాత్రం తగ్గుతుంది.

తలుపుల పూతల్లో మైకాను మించిన ఓర్పు దేనికీ లేదు. అక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, వేలిముద్రలూ గీతలూ అంతే స్పష్టంగా చూపిస్తుంది. మెంబ్రేన్ పూత (వేడితో అతికించే పల్చని ప్లాస్టిక్ పొర) పొయ్యి పక్కన వేడికి అంచుల్లో లేస్తుంది, అక్కడ దాన్ని పెట్టించవద్దు. పోపు, వేపుళ్ళు ఎక్కువగా చేసే ఇంట్లో పొయ్యి చుట్టూ చెక్కిన గీతలు, గాళ్ళు ఉన్న తలుపులు వద్దు. ఆ సందుల్లో నూనె జిడ్డు చేరితే తుడవడం కష్టం.

## గట్టు రాయి

ఈ విషయంలో మనది అదృష్టమున్న నేల. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ విదేశాలకు వెళ్ళే రాయి, మనకు పక్క జిల్లా నుంచి లారీలో వస్తుంది. కరీంనగర్ వైపు టాన్ బ్రౌన్ ఉంది. నిమ్మరసం, చింతపండు పులుపు, వేడి మూకుడు, పసుపు, ఏది పడినా నల్ల గ్రానైట్ చలించదు. పాత గ్రానైట్ మెరుపు తగ్గితే మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు. మార్చే ముందు ఆ పని చేయించి చూడండి, చాలా గట్లు కొత్తవాటిలా తేలతాయి.

క్వార్ట్జ్ గట్టు అంటే రాతి పొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి అచ్చు వేసిన పలక. తెల్లగా, మచ్చ లేకుండా అందంగా ఉంటుంది. కాని పొయ్యి మీంచి దింపిన మూకుడు నేరుగా పెడితే రెజిన్ మాడి మచ్చ పడుతుంది, తెల్ల రంగు మీద పసుపు మరకను వెంటనే తుడవాలి. ఇంట్లో అందరూ ఆ శ్రద్ధ పెట్టగలిగితే తీసుకోండి. ముగ్గురు నలుగురి చేతులు తిరిగే ఉమ్మడి వంటింటికి నేనైతే గ్రానైటే చెబుతాను. కడప రాయి, తాండూరు రాయి సున్నపురాయి జాతివి, పులుపు పడితే మెరుపు పోతుంది. కాబట్టి అవి అరలకే గాని గట్టు పైముఖానికి కాదు.

## సిలిండర్ సంగతి తేలికగా తీసుకోవద్దు

కొత్త వంటగదిలో సిలిండర్ కనబడకూడదని అందరూ అనుకుంటారు. దాన్ని గాలి ఆడని పెట్టెలో మూసేయడం ప్రమాదం. వంట గ్యాసు గాలి కన్నా బరువు, కారితే కిందికి చేరి అక్కడే నిలుస్తుంది. ఆ గది తలుపుకు కింది భాగంలో గాలి కన్నాలు ఉండి తీరాలి, పైన కూడా ఉంటే మంచిది. 14.2 కిలోల గ్యాసు నిండిన సిలిండర్ మొత్తం 30 కిలోల దాకా తూగుతుంది, లాగేటప్పుడు అడుగు పలకను గీరేస్తుంది. అందువల్ల ఆ గదికి అడుగు పలక వేయించవద్దు, సిలిండర్ నేల మీదే నిలవాలి. రెగ్యులేటరు చెయ్యి పెట్టిన వెంటనే అందాలి, ముందు బుట్టలు తీస్తే తప్ప అందని అమరిక వద్దు. గొట్టపు గ్యాసు ఉన్న హైదరాబాదు, విజయవాడ ఇళ్ళలో ఆ గొట్టాన్ని జరపాల్సింది గ్యాసు సంస్థ మనుషులే, మీ ప్లంబరు కాదు.

వాస్తు కోసం పొయ్యి దిశ మార్చుకోవడం తేలిక. సింక్ మార్చడం అలా కాదు, వాడిన నీటి గొట్టానికి వాలు కావాలి. ఎంత దూరం జరిపితే అంత వాలు కావాలి. ముందు ప్లంబరును అడిగి తర్వాత డిజైను గీయించండి. 

## మీ ఇల్లు ఏ కోవది

రోజుకు మూడు పూటలా వంట జరిగే ఇల్లు, ఇంట్లో పెద్దవాళ్ళు, బండలు గట్టివి, ఎత్తు సరిపోతోంది: బండలు ఉంచండి. మిగిలిన డబ్బు పొయ్యి పక్క గదిలో రెండు మంచి లోతైన సొరుగులకు, చిమ్నీకి, కొత్త తీగలకు పెట్టండి. ఇండక్షన్ పొయ్యి, ఓవెన్ లాంటివాటికి 16 ఆంపియర్ల సాకెట్లు విడిగా కావాలి. పాత ఇళ్ళలో అవి ఒకటి రెండుకు మించి ఉండవు.

మోకాళ్ళు, నడుము ఇబ్బంది పెడుతున్నవారు, గట్టు ఎత్తు కుదరనివారు: తీసేసి మాడ్యులర్ చేయించండి. అన్నిచోట్లా తలుపులు కాకుండా కింద అంతా సొరుగులు అడగండి. ఖర్చు పెరుగుతుంది, ఈ ఒక్క చోట పెరగనివ్వండి.

కొత్త ఫ్లాటు స్వాధీనం చేసుకున్నవారికి బండల సమస్యే లేదు. మైవాన్ పద్ధతిలో కాంక్రీటు గోడలతో పోసిన అపార్ట్‌మెంటు అయితే గోడలో గాడి తీసి తీగలు, గొట్టాలు దూర్చడం కుదరదు, చేయకూడదు. బిల్డరు ఇచ్చిన సాకెట్లు, కుళాయిల చోటును బట్టే పెట్టెలు అమర్చుకోవాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్ళలో చెక్క కన్నా ముందు హింజులు, పట్టాలు తుప్పు పడతాయి. అక్కడ 304 స్టీలు హింజులకు డబ్బు పెట్టండి, మెరిసే మామూలు పూత ఉన్నవి కాదు.

విదేశాల్లో ఉంటూ ఇల్లు తాళం వేసి ఉంచేవారు, అద్దెకిచ్చేవారు ఇంకో తీరుగా ఆలోచించాలి. మూసి ఉన్న ఇంట్లో చెద నెలల తరబడి ఎవరికీ కనబడదు. సింక్ కింది వంపు గొట్టంలో నిలిచే నీరు ఆరిపోతే మురుగు వాసన, బొద్దింకలు ఆ దారినే పైకి వస్తాయి. అలాంటి ఇంటికి బండలు, అల్యూమినియం తలుపులే మేలు. ఎవరైనా నెలకోసారి తాళం తీసి సింక్‌లో చెంబెడు నీళ్ళు పోసేలా ఏర్పాటు చేసుకోండి.

## అంచనా కాగితం చదవడం

మూడు అంచనాలు తీసుకున్నా వాటిని పోల్చలేకపోవడానికి కారణం కొలిచే పద్ధతి. పది అడుగుల గట్టునే తీసుకోండి. ఒకరు పొడవును బట్టి రన్నింగ్ అడుగు లెక్క చెబుతారు, అంటే 10. ఇంకొకరు ఎదురుగా కనిపించే వైశాల్యం చెబుతారు. కింద 32 అంగుళాల ఎత్తుకు సుమారు 26.7 చదరపు అడుగులు, గోడ అరలు రెండడుగుల ఎత్తుకు 20, అటక 20, మొత్తం 66.7. మూడో ఆయన పెట్టె లోపలి పలకలన్నీ కొలిచి ఇంకా పెద్ద అంకె చెబుతారు. అడుగు ధర ఎవరిది తక్కువో చూసి లాభం లేదు. మీ గది మొత్తానికి, ఫలానా పలక, ఫలానా హింజులు, ఇన్ని సొరుగులతో, జీఎస్టీ కలిపి ఎంత అని ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగండి.

వారంటీ ఎన్నేళ్ళన్నది కాదు, దేనికి వర్తించదన్నది చదవండి. నీటి వల్ల కలిగే నష్టాన్ని చాలా వారంటీలు మినహాయిస్తాయి. అదే జరిగితే వంటగదికి ఆ వారంటీ ఎంత ఉపయోగమో మీరే తేల్చుకోండి.

చివరి వాయిదా పని అప్పగించిన రోజే ఇచ్చేయకుండా కొంత ఆపి ఉంచేలా ముందే మాట్లాడుకోండి. అప్పగించే రోజు సింక్ బిరడా పెట్టి నిండా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదలండి. కింది తలుపు తెరిచి టార్చి వేసి, గొట్టాల అతుకుల కింద పొడి కాగితం పరచి చూడండి. కాగితం తడిస్తే ప్లంబరును అప్పుడే పిలవండి. అన్ని సొరుగులనూ మీ ఇంటి బరువైన పాత్రలతో నింపి పదిసార్లు లాగి మూయండి. తగిలేది, ఊగేది, చప్పుడయ్యేది రాసి వాళ్ళ చేతికిచ్చి, అవన్నీ సరిచేశాక మిగతా డబ్బు ఇవ్వండి.